గంజి పోసిన చేతికి భిక్ష

కంబగిరయ్య స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరేమి అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించేవారు. "పని చేసుకుని రాప్పా. అప్పటికీ సందేహం మిగిలుంటే మళ్ళీ అడుగు" అనేవారు. మళ్ళీ అడిగినవాళ్ళు తక్కువ. సందేహం తీరి కొందరు, పనికి జడిసి కొందరు ఊరుకునేవారు.

బోడికొండ కింద ఆయన మఠం ఇప్పుడు లేదు. గోడలు కూలిపోయి కంపచెట్లు మొలిచాయి. ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ చోటు దాటేటప్పుడు చెప్పులు విడిచి చేత పట్టుకుంటారు. మాన్యాలున్న మఠం కాదది. పొద్దున్నే శిష్యులు జోలె తగిలించుకుని, ఎండిన సొరకాయ బుర్రతో చేసిన కప్పెర చేత పట్టుకుని, ఊళ్ళోకి భిక్షకు బయల్దేరేవారు. దానికి స్వామి పెట్టిన కట్టుబాట్లు ఉండేవి. ఒక్కొక్కరు ఒక్క ఇంటినే అడగాలి. పెట్టింది వద్దనకూడదు, చాలదనకూడదు. ఆ ఇంటి ముంగిట్లోనే, పెట్టినవాళ్ళ కళ్ళెదుటే తినాలి. తిన్నాక ఇంటిల్లిపాది మంచిచెడ్డా అడిగి మరీ రావాలి.

ఆ ఊళ్ళలో తెల్లవారడం ఎలా ఉండేదో చూసినవాళ్ళు కొద్దిమందే మిగిలారు. లోపల మజ్జిగ చిలికే చప్పుడు, పొయ్యి మీద సంగటి కెలికే వాసన, వాకిట్లో భిక్షకు వచ్చిన సామి పిలుపు. "ఈపొద్దు సంగట్లోకి ఊరుబిండి పచ్చడి తప్ప ఇంగేం లేదు సామీ" అని ఇల్లాలు నొచ్చుకునేది. "అదే నాకిష్టం తల్లీ" అని సామి కూర్చునేవాడు. ఇప్పుడు అడగడమంటే అందరికీ సిగ్గు, పెట్టడమంటే అందరికీ గర్వం. అప్పట్లో రెండూ ఒకే ముంగిట్లో జరిగేవి. ఎవరికీ సిగ్గుండేది కాదు, గర్వపడే సందూ ఉండేది కాదు.

ఆ మఠంలో వన్నూరప్ప అని ఒక శిష్యుడు ఉండేవాడు. మెత్తని మనసున్నవాడు. ఎద్దుకి మెడపుండు అయితే చూడలేక మొహం తిప్పుకునేవాడు. పక్క ఊళ్ళో ఒక పిల్లవాడు బావిలో పడి చనిపోయాడని విని వరసగా రెండు పూటలు కప్పెర ముట్టలేదు. తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. స్వామి ఎగతాళి చేయలేదు, మెచ్చుకోనూ లేదు.

అలాంటి రోజుల్లో కరువు వచ్చింది. ఏరువాక సాగలేదు. గడ్డివాములు ముగిశాయి. పశువులను కొందరు అమ్ముకున్నారు, కొందరు మెడతాళ్ళు విప్పి కొండ మీదికి తోలేశారు. పట్నంలో ధర్మాత్ములు బండ్ల మీద జొన్నలూ కొర్రలూ పంపితే మఠం ముంగిట్లో గంజి కేంద్రం పెట్టారు. దస్తగిరి అనే ఆయన పొయ్యి చూసేవాడు. గంజి పోసే పని వన్నూరప్పది. చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడికే వచ్చేవి.

భిక్ష మాన్పించింది కూడా వన్నూరప్పే. "తిండి లేనివాళ్ళ వాకిట నిలబడి భిక్ష అడగడం పాపం సామీ" అన్నాడు. స్వామికి మోకాళ్ళు పట్టేసి అరుగు దిగడం లేదు. ఆయన అవుననలేదు, కాదనలేదు. మిగిలినవాళ్ళకి ఆ మాట న్యాయంగానే తోచింది. నాకూ ఇప్పటికీ న్యాయంగానే తోస్తుంది. న్యాయంగా తోచిన మాటలోనే మనిషి ఎక్కువగా మోసపోతాడు.

మొదటి రోజు ఒక రైతు వచ్చాడు. అతని దగ్గర గిన్నె లేదు. చచ్చిపోయిన ఎద్దు మెడలోని కంచుగంటను తలకిందులుగా పట్టుకుని, అందులో పోయమన్నాడు. వన్నూరప్ప అందులోనే పోశాడు. ఆ పూట అతను గంజి తాగలేకపోయాడు. అలా కొన్నాళ్ళు గడిచాయి. జనం పెరిగారు. ఒకరోజు తోపులాటలో గంగాళం ఒరిగి ఒకామె చేయి బొబ్బలెక్కింది. వన్నూరప్ప బాగా ఆలోచించి, గంగాళం ముందు ఈతాకుల తడిక నిలబెట్టి, దానికి గిన్నె పట్టేంత కంత చేశాడు. అటు నుంచి గిన్నె వస్తుంది. ఇతను పోస్తాడు. గిన్నె వెళ్ళిపోతుంది. తోపులాట ఆగింది. పని చకచకా సాగింది. అందరూ అతని తెలివిని మెచ్చుకున్నారు.

మనుషులు కనబడడం మానేశారు. గిన్నెలు కనబడేవి. నొక్కుల గిన్నె, చెవులు ఊడిన చట్టి, పగిలిన అంచుకి మైనం పూసిన ముంత. చివరికి అతనికి కలలోకి కూడా గిన్నెలే వచ్చేవి.

ఒకరోజు వరసలో ఒక మనిషి కళ్ళు తిరిగి పడిపోయాడు. అటువైపు కలకలం రేగింది. "పక్కకు తియ్యండి, వరస ఆగిపోతాది" అని వన్నూరప్ప ఇటు నుంచే కేకేసి తరువాతి గిన్నెలో గంజి పోశాడు. పొద్దు వాలి, గంగాళం కడిగి బోర్లించాక గానీ ఆ సంగతి అతనికి గుర్తు రాలేదు.

"దస్తగిరన్నా, పొద్దున పడిపోయినాయన బతికినాడా?"

"బతికినాడులే. నేనే నీళ్ళు చల్లి కూచోబెట్టినా." దస్తగిరి బూడిద ఎత్తుతూ నవ్వాడు. "ఇంత పొద్దు పోయినాక గుర్తొచ్చెనా? నువ్వు ముందు ఎద్దుకు గూడా ఏడ్సేవాడివి కదప్పా!"

అతను వేళాకోళానికే అన్నాడు. వన్నూరప్పకి మాత్రం ఆ మాట గుచ్చుకుంది. చేతులైనా తుడుచుకోకుండా స్వామి దగ్గరికి వెళ్ళాడు.

"సామీ, ఒక పిల్లోడు పోతే నాకు కూడు సయించలేదు. ఇప్పుడు దేశమంతా అల్లాడతాంటే నా కంట చుక్క రాదు. వెయ్యిమంది కష్టం ఒక్కడి కష్టం కన్నా చిన్నదా? నా గుండె ఎందుకిట్ల బండబారింది?"

స్వామి మోకాలికి ఆముదం రాసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"జాలి లేనోడు ధర్మం గంజి పొయ్యగూడదు సామీ. అది పాపం. నన్ను పంపించండి. కొండ మీద రాతిగవిలో కూచుని ఈ గుండె మెత్తబడేదాకా తపస్సు చేసుకుంటా."

అక్కడే నిలబడ్డ దస్తగిరి బిత్తరపోయాడు. తను పొయ్యి చూసుకోగలడు, అంతే. వన్నూరప్ప లేకపోతే ఆ జనానికి గంజి పోసేవాళ్ళు లేరు. మిగిలిన శిష్యులంతా ధాన్యం తేవడానికి బండ్ల వెంట తిరుగుతున్నారు. "నువ్వు పోతే రేపు వీళ్ళ గతేంది?" అన్నాడు. కన్నీళ్ళు రాలేదన్న బాధలో, తను లేకపోతే గంజి అందదన్న మాట వన్నూరప్పకి చెవికెక్కలేదు. మనిషి తన మనసును అద్దంలో చూసుకోవడం మొదలుపెడితే ఎదుటివాడి కడుపు కనబడదు.

స్వామి తాపీగా సీసాకి బిరడా పెట్టారు. "పోదువులే. మఠం ఇడిసేవాడు పోయేరోజు భిక్ష తిని పోవాల. అది మన కట్టు. మర్చిపోయినావా?"

"ఇప్పుడా సామీ? ఈ కరువులోనా?"

"కరువైతే వద్దని కట్టు చెప్పలేదే. నీ కప్పెర యాడుండాది?"

వన్నూరప్ప తెల్లబోయాడు. దస్తగిరి గొణిగాడు. "ఉప్పుకుండకు మూతగా పెట్టినా సామీ. ఎవురూ వాడటం ల్యా కదాని."

"కడిగియ్యి" అన్నారు స్వామి.

మరునాడు ఆ ఒక్క పూటకి గంజి పోసే పని కూడా దస్తగిరికే ఒప్పజెప్పి, వన్నూరప్ప కప్పెర పట్టుకుని కిందిపేటకు వెళ్ళాడు. పాదాలకి తెలిసిన దారే. ఎక్కడ మజ్జిగ పలచన, ఎక్కడ చిక్కన, ఏ ఇంటి ముసలాయన సంగటికి ముందు చుట్ట అందించి నవ్వించేవాడు, అన్నీ గుర్తున్నాయి. ఇప్పుడు కవ్వం చప్పుడు లేదు. కొట్టాల్లో గుంజలు ఉన్నాయి, పశువులు లేవు. ఆ దారిలో నడుస్తుంటే అతనికి కరువు మీద కన్నా ఆ పాత పొద్దుల మీద బెంగ ఎక్కువైంది.

చావిడి దగ్గర కూర్చున్న ఒకాయన అతన్నీ కప్పెరనూ చూసి దిగ్గున లేచాడు. "ఏమి సామీ, గంగాళం గానీ బోర్ల పడిందా? రేపట్నుంచి గంజి లేదా ఏంది?"

"లేదప్పా, గంజి ఉండాది."

"మరి పోసే సామే అడుక్కోను బయల్దేరితే మేమేమనుకోవల్ల!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. వన్నూరప్పకి చెవులు కాలిపోయాయి. ఎదురుగా ఉన్న ఇంటి ముందు నిలబడి, చాలా కాలంగా అలవాటు తప్పిన గొంతుతో పిలిచాడు. "అమ్మా, భిక్ష."

లోపలి నుంచి ఒక ముసలామె తొంగిచూసింది. సుంకులమ్మ. కొడుకూ కోడలూ కూలి వెతుక్కుంటూ వలసపోతే ఇల్లు కనిపెట్టుకుని ఉంది. కొంగు సరిచేసుకుంటూ గబగబా వచ్చింది.

"ఎవురూ, సామా! వచ్చినావా నాయనా! ఎన్నాళ్ళయిందో మా వాకిట్లో ఆ పిలుపు ఇని." అని, వెంటనే ముఖం ముడుచుకుంది. "కరువొస్తే సుట్టాలు రారు, సరే. మీరెందుకప్పా రాకపోతిరి?"

"మీకే లేనప్పుడు ఎట్లమ్మా అడిగేది..."

"అట్లనా! మీరు భిక్షకు రావడం మానిన పొద్దే మాకు తెలిసింది సామీ, మేము అడుక్కునేవాళ్ళమైనామని. అంతకు ముందు ఆకలిగా ఉండె, అంతే."

ఆమె పీట వేసింది. మఠం నుంచి అప్పుడే తెచ్చుకున్న గంజిని ముందు పెట్టింది. కరువుకి చిక్కి సగమైన ఆమెను అతను గుర్తుపట్టలేదు. గిన్నెను గుర్తుపట్టాడు. అంచు ఒక పక్క నొక్కుకుపోయి, అడుగున అతుకున్న సత్తుగిన్నె. రోజూ తడిక కంతలోంచి వచ్చేదే. ఎన్నిసార్లు దాన్ని నింపాడో!

లోపల చీకట్లోంచి ఒక గొంతు వినిపించింది. "సుంకులూ, ఎవురే వచ్చింది?"

"సామి, భిక్షకొచ్చినాడు. నువ్వు పండుకోవే." ఇతని వైపు తిరిగి అంది. "ఉరుకుందమ్మ. పక్కింటి మనిషి. కాల్లో కంపముల్లు దిగి బూరెలా వాచిపోయింది. అడుగు తీసి అడుగు పెట్టలేదు. గంజికి యాడ వస్తాది? దీన్ని మా ఇంటికే తెచ్చుకున్యా."

"ఆమె వంతు నువ్వు తెస్తాండావా?"

"అదొక కత నాయనా." సుంకులమ్మ మూడు పాత్రలు దగ్గరికి లాక్కుంటూ చెప్పింది. "దీని కోసరం నేను రెండో గిన్నె పెట్టినా. నేను గంజికొచ్చేసరికే తడిక కట్టినారు, దాని ఎనకాల ఎవుడో ఉండాడు, గొంతు పెద్దోడు. మొగం లేదు, ఉత్త గొంతే. 'మనిషికొక గిన్నె! జరుగు జరుగు!' అని అరిసె. ఇట్లప్పా, ఇట్ల ఇబ్బంది అని చెప్తామంటే ఆ కంతకు చెవుల్లేకపాయె. అప్పట్నుంచి నా దాంట్లోనే చెరి సగం."

ఆమె ఆ అరుపును అచ్చంగా అతని గొంతుతోనే అనుకరించింది. లోపల ఉరుకుందమ్మ పకపకా నవ్వింది. వన్నూరప్ప నవ్వలేదు. తలవంచుకుని, "అమ్మా, ఆ గొంతు నాదే" అన్నాడు.

సుంకులమ్మ గంజి వంచుతున్న చేయి ఆపి అతని ముఖంలోకి చూసింది. ఆ చూపుకి అతను తట్టుకోలేకపోయాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అయ్యో, నువ్వా! మొగం సూస్తే అట్ల అరిసేవాడిలా లేవే!" అని ఆమె మళ్ళీ గంజి వంచడంలో పడింది. ఒకరి వంతు గంజి మూడు భాగాలయింది. పెద్ద భాగం కప్పెరలో పోసింది. ఉప్పుగల్లు ఒకటి పక్కన పెట్టింది.

"సామికి నా వంతులోంచి పోస్తివా, నీ వంతులోంచా?" అని లోపలి నుంచి ఉరుకుందమ్మ అడిగింది.

"నీ వంతులోంచే. పండుకున్నదానికి ఎందుకే అంత?"

"ఓసి దొంగముండా! అట్లయితే పుణ్యం నాదే. నువ్వు ఉత్త వడ్డించినదానివి."

పెట్టింది వద్దనకూడదు. పెట్టినవాళ్ళ కళ్ళెదుటే తినాలి. అన్నాళ్ళుగా సులువుగా పాటించిన కట్టు ఆ రోజు అతనికి కొండంత బరువైంది. ఇలాంటి చోట కథ చెప్పేవాళ్ళు శిష్యుడి చేత భోరున ఏడిపిస్తారు. వన్నూరప్ప ఏడవలేదు. కప్పెర ఎత్తి తాగాడు. రోజూ తనే పోసే గంజి. అందులో పొగ వాసన ఉందని, కొర్రలు సరిగ్గా ఉడకలేదని, నీళ్ళు ఎక్కువయ్యాయని అప్పుడు తెలిసింది.

సుంకులమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని అతను తాగేదాకా చూసింది. "ఇంగా రొవ్వంత పొయ్యనా?" అంది. ఆమె ముందున్న గిన్నెలో అడుగు కనబడుతోంది. అయినా అడిగింది. ఇంటికి వచ్చినవాణ్ణి అలా అడగడం ఆమెకి అలవాటు.

వన్నూరప్ప కప్పెర మీద అరచెయ్యి మూసి, చాలన్నట్టు తల ఊపాడు. అన్ని గిన్నెలు నింపాడు కానీ ఆ మాట తను ఎవరినీ అడగలేదు.

కట్టు ప్రకారం మంచిచెడ్డా అడిగాడు. కొడుకు ఎక్కడున్నాడో, కబురేమైనా వచ్చిందో సుంకులమ్మ చెప్పింది. ఉరుకుందమ్మ దగ్గర కూర్చుని కాలు చూశాడు. ముల్లు ఇంకా లోపలే ఉంది. దబ్బనం వేడిచేసి చీము తీశాడు. ఆమె తిట్లు తిడుతూనే అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతా అయ్యాక, "సామీ, ఒక్క గుక్క మజ్జిగ తాగి చచ్చిపోవాలని ఉండాది నాకు" అంది. "మజ్జిగ దొరికేదాకా బతికే ఉంటావులే" అంది సుంకులమ్మ. ముగ్గురూ నవ్వారు. ఎన్నో నెలల తరువాత ఆ ముంగిలి మళ్ళీ పాత ముంగిలిలా అనిపించింది అతనికి.

అతను మఠానికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. స్వామి అరుగు మీదే ఉన్నారు. "ఎప్పుడు బయల్దేరతాండావు?" అని అడిగారు. వన్నూరప్ప కొడవలి తీసుకుని తడిక దగ్గరికి నడిచాడు. దాన్ని పీకెయ్యలేదు. మళ్ళీ ఎవరి చెయ్యో కాలుతుందని అతనికి తెలుసు. నడుమెత్తున కోసి, పై భాగం తీసి పొయ్యి పక్కన పడేశాడు. దస్తగిరి దాన్ని వంటచెరుకు కింద చేర్చాడు.

ఆ మరునాటి నుంచి సుంకులమ్మ రెండు గిన్నెలు తెచ్చుకుంది. అతను రెండూ నింపాడు. గిన్నె వెనక ముఖం ఉండడంతో పని కొంచెం నెమ్మదించింది. ఎండలో నిలబడినవాళ్ళు విసుక్కున్నారు. "పెళ్ళి చూపులా ఏంది సామీ, మొగం మొగం చూస్తాండావు!" అని ఒకడు వరస చివర నుంచి అరిచాడు. వన్నూరప్ప అతని ముఖం కూడా చూశాడు.

కొద్దిరోజులు పోయాక అతను మళ్ళీ స్వామి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ మఠంలో అలా రెండోసారి అడగడానికి వచ్చినవాళ్ళు తక్కువని ముందే చెప్పాను.

"సామీ, నిజం చెప్తా. అందరి మీదా నాకు జాలి రాలేదు. వరస పొడుగు చూస్తే ఇప్పటికీ గుండె బండగానే ఉంటాది. ఆ ముసలోళ్ళిద్దరి మాట తలుచుకుంటే మటుకు కూడు సయించదు. నాది ఒక్క ఇంటికే సరిపొయ్యే జాలి సామీ."

స్వామి చెయ్యి చాచి, గోడకి తగిలించి ఉన్న కప్పెరను తీసి అతని చేతిలో పెట్టారు.

"రేపు ఏ ఇంటికి పోతావు?" అన్నారు.